చెట్టు మీద మనిషి, కింద తాడు

నేను ఉద్యోగం నుంచి దిగిపోవడానికి ఇంకా ఏడాదిన్నర ఉందనగా, కార్తీకమాసం చివర్లో వచ్చిన తుఫాను వెళ్ళిన వారానికి, బాపట్లకూ రేపల్లెకూ మధ్య సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరికి నన్ను పంపారు. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు చదివితే ఎలాగూ పోల్చుకుంటారు. చర్చి ఆవరణలో వేళ్ళు లేచి ఒరిగిన నిద్రగన్నేరు చెట్టును క్రేన్ సాయంతో ముక్కలు ముక్కలుగా దించాలి, అదీ పని. అప్పటికి నేను తెనాలిలో క్రేన్లు అద్దెకిచ్చే ఒక కంపెనీలో లిఫ్టింగ్ సూపర్‌వైజరును.

ఈ ఉద్యోగం పేరు చెబితే పెళ్ళిళ్ళలో మా చుట్టాలు “ఓహో” అని ఊరుకునేవారు. లిఫ్టు తిప్పేవాడిననుకున్నవాళ్ళూ ఉన్నారు. అందుకని కాస్త చెబుతాను. మా వృత్తిలో కింది మెట్టు కళాసీ. తాడు పట్టేది, బెల్టు తొడిగేది అతను. అతని పైన రిగ్గరు. ఏ బరువుకు ఏ బెల్టు వాడాలి, ఎక్కడ కట్టాలి అన్నది అతను తేలుస్తాడు. ఆ పైన సూపర్‌వైజరు. క్రేన్ ఆపరేటరు ఈ వరసలో ఉండడు, అద్దాల గదిలో కూర్చున్న అతనిది వేరే రాజ్యం. కానీ బరువు గాలిలో ఉన్నంతసేపూ అతని కళ్ళు సూపర్‌వైజరు చేతుల మీదే ఉండాలి. సైగ చేసేది ఒక్కడే. ఊరంతా అరిచినా ఆపరేటరు వినకూడదు. పిడికిలి బిగించి చెయ్యెత్తే “ఆపు” సైగ ఒక్కటి మాత్రం ఎవరు చేసినా ఆపాల్సిందే.

మమ్మల్ని పిలిపించింది సుందరరావు మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, చర్చి కమిటీ కార్యదర్శి. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు. నేను ఆవరణలో అడుగుపెట్టగానే ఆయన మొదటి మాట ఇది: “చెట్టు కొట్టడానికి క్రేనేంటండీ, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం కాకపోతే? ట్రాక్టరు కట్టి లాగిపారేస్తామని ఇద్దరొచ్చారు. కమిటీలో కుర్రాళ్ళు పట్టుబట్టితే మిమ్మల్ని పిలిచాం.”

ఆయనను చెట్టు మొదట్లోకి తీసుకెళ్ళి చూపించాను. తూర్పు వైపు నేల పగిలి, మనిషి చెయ్యి దూరేంత నెరియ ఇచ్చింది. చెట్టు పడమరకు ఒరిగింది. పడమరన గోడ, గోడ అవతల సందు, సందుకు ఆనుకుని పల్లెవాళ్ళు వలలు బాగుచేసుకునే పాక, దాని పక్కనే గంగమ్మ గుడి, వెనక వరసగా ఇళ్ళు. తూర్పున చర్చి, దాని మీద పాత పెంకుల కప్పు. ట్రాక్టరుతో ఎటు లాగుతారని అడిగాను. మాస్టారు రెండు వైపులా చూసి, పెన్నులు సర్దుకుని, “మీ పని మీరు కానివ్వండి” అన్నారు.

క్రేన్ చెట్టును లాగదు. ఇది చాలామందికి తెలియదు. క్రేన్ మోస్తుంది, అంతే. చెట్టెక్కే మనిషి పైకి వెళ్ళి, కోయబోయే కొమ్మకు బెల్టు కట్టి, కోత పెట్టే చోటికి కిందగా దిగి, మానుకు తనను కట్టుకుంటాడు. క్రేన్ ఆ కొమ్మ బరువును తగినంత మీదకు తీసుకుంటుంది. అప్పుడు కోత. కోత పూర్తయ్యేసరికి కొమ్మ పడదు, ఊరికే విడివడి గాలిలో నిలబడుతుంది. దాన్ని తిన్నగా పైకెత్తి, తిప్పి, ఖాళీ జాగాలో దించుకోవాలి. గాలిలో అది గిరగిరా తిరగకుండా కొమ్మ కొసకు ఒక తాడు కట్టి కింద కళాసీలు పట్టుకుంటారు. దాన్ని గైడు తాడు అంటాం. ఆ తాడు లాగడానికి కాదు, అదుపుకు మాత్రమే. పెళ్ళికొడుకు పక్కన తోడుపెళ్ళికొడుకు ఉంటాడు చూడండి, ఉండాలి గానీ ఏమీ చేయకూడదు, అలాగ. క్రేన్ చెయ్యి, అంటే బూమ్, కిందికి వేలాడే బరువును టన్నుల కొద్దీ భరిస్తుంది. పక్కకు లాగితే మాత్రం దానిది వెదురు బలమే.

పచ్చిచెట్టుతో ఇంకో చిక్కుంది. ఇనుప దూలమైతే బరువు దాని మీదే రాసి ఉంటుంది. చెట్టుకు ఎవరు రాశారు? చుట్టుకొలత, పొడవు చూసి లెక్క కట్టాలి. వారం రోజుల వాన తాగిన నిద్రగన్నేరు అయితే ఆ లెక్కకు మళ్ళీ కొంత కలపాలి. బూమ్ ఎంత దూరం చాస్తే ఎంత బరువు ఎత్తగలదో క్రేన్‌లో ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టిక చెప్పినదానిలో ముప్పాతికకు మించి నేను ఎప్పుడూ పోలేదు. నాకు పిరికివాడని పేరుండేది. ఆ పేరు పోగొట్టుకోవాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు.

ఇంత జాగ్రత్తా ఎవరి కోసమంటే, చెట్టు మీద ఉన్న మనిషి కోసం. కింద ఉన్నవాడు పరిగెత్తగలడు. క్రేన్‌లో ఉన్నవాడికి ఇనుప గది ఉంది. చెట్టు మీద ఉన్నవాడు తనను తానే మానుకు కట్టుకుని ఉంటాడు. వాడికి పారిపోవడానికి దారి లేదు.

ఆ మనిషి పేరు కోటయ్య. కారంచేడు వైపువాడు, తాటిచెట్లెక్కే కుటుంబం. తండ్రి మోకు వేసుకుని కల్లు గీశాడు, ఇతను బెల్టు వేసుకుని రంపం పట్టాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. అంతకు కొన్నేళ్ళ ముందు వేరే చోట, సైగలు తెలియని వాడెవడో కింద నిలబడి పని చేయిస్తే, కొమ్మ తగిలి కోటయ్యకు రెండు పక్కటెముకలు విరిగాయి. తిరిగి పనిలోకి వచ్చేటప్పుడు నాతో ఒకటే అన్నాడు: “మీరు కింద నిలబడితేనే నేను పైన నిలబడతానండి.” అప్పటి నుంచి అతను ఎక్కే ప్రతి చెట్టు కిందా నేనే. ఎండలో తిరగడానికి వయసు మీరిందని మా మేనేజరు కుర్ర సూపర్‌వైజరును పంపబోతే, నేనే కుదరదని చెప్పి బయల్దేరాను.

ముందురోజు సాయంత్రం నేల చూడటానికి వెళ్ళాం. ఒడ్డు ఊళ్ళలో నేల అంటే ఇసుకే. క్రేన్ పనిలోకి దిగేముందు నాలుగు కాళ్ళు చాపి నేల మీద తన్ని నిలబడుతుంది. ఆ కాళ్ళు ఇసుకలో దిగబడితే క్రేన్ పక్కకు పడుతుంది. అందుకని కాళ్ళ కింద వేయడానికి రైలు పట్టాల కింద వాడే పాత చెక్క దుంగలు లారీలో తెచ్చాం. ఎక్కడ ఎంత పరవాలో చూసుకున్నాక మాస్టారు నన్ను ఒడ్డుకు తీసుకెళ్ళారు, గాలికని.

అక్కడ ఒక పడవను పైకి లాగుతున్నారు. ఇంకో వాయుగుండం ఉందని, వేటకు పోవద్దన్న హెచ్చరిక ఇంకా ఎత్తేయలేదు. పడవలన్నీ ఒడ్డుకు చేర్చుకుంటున్నారు. తాడుకు ఇటూ అటూ మనుషులు. ముందు నిలబడి ఒకాయన కేక అందుకుంటున్నాడు, ఆ కేకకు అందరూ ఒక్కసారి లాగుతున్నారు. కేక వేసే ఆయన పేరు సముద్రాలని మాస్టారు చెప్పారు. అటుగా టిఫిన్ క్యారియరు పట్టుకుని పోతున్న ఒకతను క్యారియరు ఇసుకలో పెట్టి, తాడు మీద చెయ్యేసి, రెండు లాగులు లాగి, క్యారియరు తీసుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ థాంక్స్ చెప్పలేదు. నాతో పాత కమిటీ గొడవలేవో చెబుతున్న మాస్టారు కూడా, వాక్యం ఆపకుండానే పోయి తెల్లచొక్కాతో తాడు పట్టుకున్నారు. లాగుతూనే వాక్యం పూర్తిచేశారు. అదేంటండీ అని అడిగితే, “ఈ ఊళ్ళో తాడు నడుస్తుంటే చేతులు కట్టుకుని పోతే మాట పడాలండి. చర్చివాళ్ళు, గంగమ్మవాళ్ళు అని తేడా లేదు” అన్నారు. నాకది ముచ్చటగా అనిపించింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాం. కరెంటువాళ్ళ దగ్గర ఎల్సీ తీసుకున్నాం. అంటే సబ్‌స్టేషన్‌లో ఆ లైను ఆపేస్తారు, పని అయిందని మేం చెప్పేదాకా మళ్ళీ ఎక్కించరు. పాకలో వలలు తీయించాం, వెనక ఇళ్ళు ఖాళీ చేయించాం. చుట్టూ ఎరుపు తెలుపు టేపు కట్టాం. టేపు అంటే మనవాళ్ళకు తోరణంతో సమానం. క్రేన్ వచ్చిందంటే ఊరేగింపు వచ్చినట్టే. వేట లేక పల్లె మొత్తం ఇళ్ళ దగ్గరే ఉంది. చంకలో పిల్లలు, చేతిలో టీ గ్లాసులు, తలకో సలహా. “ఆ కొమ్మ ముందు తియ్యాలి సార్” అని ఒకరు, “అది తీస్తే ఇటు తూగిద్ది” అని ఇంకొకరు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని ఊరికే అనలేదు. కళాసీలు ఇద్దరినీ గైడు తాడు దగ్గర ఉంచి, సైగ చేయడానికి నేను మధ్యలో నిలబడ్డాను. క్రేన్‌లో మస్తాన్. తెనాలి మనిషి, ఇరవై మాటలకు ఒక మాట బదులిస్తాడు, కానీ నా చిటికెనవేలు కదిలినా అతనికి తెలుస్తుంది.

కోటయ్య ఎక్కాడు. మధ్యాహ్నానికి పై కొమ్మలన్నీ దిగాయి. చర్చి పెంకు ఒక్కటి కదల్లేదు. సందులో ఆడవాళ్ళు మా కళాసీలకు మజ్జిగ ఇచ్చారు. కోటయ్యకు కూడా ఒక చెంబు తాడు కట్టి పైకి పంపారు. పని బాగా సాగుతున్న రోజు అది.

ఇక పాక మీదకు చాచుకున్న పెద్ద కొమ్మ మిగిలింది. దాన్ని ఒకేసారి తీస్తే నా ముప్పాతిక లెక్క దాటుతుంది కాబట్టి రెండు ముక్కలు చేయమన్నాను. కొస ముక్క తేలిగ్గా వచ్చింది. రెండోది మొదలు వైపు ముక్క, బరువంతా దానిలోనే ఉంది. కోటయ్య బెల్టు కట్టి, కొసకు గైడు తాడు కట్టి, మానుకు చేరి, కోత పెట్టాడు. కొమ్మ విడింది. విడింది గానీ లేవలేదు. దాని మొదలు పోయి, పక్కనే పొద్దున కోసిన కొమ్మ తాలూకు మోడు పంగలో ఇరుక్కుంది.

ఇలాంటప్పుడు కొద్దిగా దించి, తిప్పి, మళ్ళీ ఎత్తాలి. మస్తాన్‌కు దించమని సైగ చేశాను. దించుతుండగా అది పంగలోంచి ఒక్క ఊపున ఊడింది. ఆ ఊపుకు కొస పక్కకు విసురుగా తిరిగి, గైడు తాడు బిగిసింది. తాడు చివర ఉన్న మా కళాసీలు ఇద్దరూ తడి ఆకుల మీద జారి ఇసుకలో బోర్లా పడ్డారు. తాడు వాళ్ళ చేతుల్లోంచి జారిపోతోంది.

అంతవరకూ జరిగింది మా పనిలో అప్పుడప్పుడూ జరిగేదే. కొమ్మ కాసేపు ఊగుతుంది, ఆగుతుంది. కోటయ్య వంగి కూర్చుంటే సరిపోయేది.

కానీ ఆ ఊళ్ళో తాడు జారుతుంటే చూస్తూ నిలబడే మనిషి లేడు. టేపు ఎప్పుడు తెగిందో నేను చూడలేదు. సందులో ఉన్న మగవాళ్ళంతా తాడు మీద పడ్డారు. సముద్రాలు ముందుకు ఉరికి కేక అందుకున్నాడు. ఆ కేకకు అన్ని చేతులూ ఒక్కటై లాగాయి. వాళ్ళు మా కళాసీలను కాపాడుతున్నామనుకున్నారు. పాకను కాపాడుతున్నామనుకున్నారు. పడవను ఒడ్డుకు తెచ్చే బలం మొత్తం ఆ తాడు మీద పెట్టారు.

బెల్టు కొమ్మకు నడుమన ఉంది. కాటాకు ఒక పళ్ళెం కిందికి లాగితే రెండోది ఎలా లేస్తుందో, కొస ఇటు వస్తే మొదలు అటు పోతుంది. మనిషి నడుమంత లావున్న ఆ మొదలు గిర్రున తిరిగి కోటయ్య వైపు వచ్చింది. అతను మానుకు అతుక్కుని తల వంచాడు. తల మీదుగా దాటి అవతలకు పోయి, తాడు బలం మీద అక్కడ ఆగింది. క్రేన్ గదిలో అలారం మోగుతోంది. బూమ్ కొస పక్కకు వంగడం నాకు కింది నుంచే కనిపించింది.

నేను ఈల ఊదాను. వాళ్ళ కేకలో అది కలిసిపోయింది. పిడికిలి ఎత్తాను. మస్తాన్ ఆపాడు, కానీ లాగుతున్నది మస్తాన్ కాదు కదా. నాకు భయం వేసింది. అన్నేళ్ళ ఉద్యోగంలో అంత భయం నాకు మరెప్పుడూ వేయలేదు. “వదలండి” అని అరవబోయి నోరు తెరిచాను. అప్పుడే పైనుంచి కోటయ్య గొంతు వినిపించింది.

“వదలొద్దు! సార్, వదలనివ్వొద్దు!”

అతను చెప్పింది నిజం. కొమ్మ మొదలు అవతల ఆగి ఉన్నది తాడు బలం మీదే. ఇక్కడ తాడు వదిలితే అది వచ్చిన దారినే తిరిగి వస్తుంది, ఈసారి ఇంకాస్త కిందుగా, కోటయ్య నడుము ఎత్తున. లాగితే బూమ్ విరుగుతుంది. వదిలితే మనిషి పోతాడు. లాగకుండా వదలకుండా పట్టి ఉంచాలి. అది అరిచి చెబితే ఆ గోలలో ఎవరికి వినపడుతుంది, వినపడినా ఎవరు ఒకేలా చేస్తారు?

నేను పరిగెత్తి సముద్రాలు ముందుకు పోయాను. అతని చేతుల ముందు నా రెండు చేతులూ తాడు మీద వేసి బిగబట్టాను. లాగలేదు, నెట్టలేదు. అతను నా మొహంలోకి చూశాడు. “పట్టి ఉంచండి. వదిలితే పైన మనిషి పోతాడు” అన్నాను. నా గొంతు మామూలుగానే ఉందని తర్వాత సముద్రాలు అన్నాడు. నాకు గుర్తులేదు.

సముద్రాలు కేక మార్చాడు.

“నిలుపో... నిలుపు!”

తాడు అక్కడికక్కడ ఆగింది. వెనక ఎంతమంది ఉన్నారో, ఏ మూల ఎవరున్నారో, ఒక్క చెయ్యి ముందుకు గానీ వెనక్కు గానీ కదల్లేదు. వలకు పెద్ద అల తగిలినప్పుడు వాళ్ళు చేసేది అదేనట. లాగితే వల చినుగుతుంది, వదిలితే నీళ్ళలో ఉన్నవాళ్ళు వలతో పాటు పోతారు. అప్పుడు ఈ కేక వేస్తారట. ఇది నాకు తర్వాత తెలిసింది.

నేను మధ్యకు వచ్చి మస్తాన్‌కు సైగ చేశాను. ముందు బూమ్‌ను మెల్లగా తాడు వైపు తిప్పించి, హుక్కును బరువు నెత్తిమీదికి తెచ్చాను. అలారం ఆగింది. తర్వాత తిన్నగా పైకి. కొమ్మ మొదలు జానెడు జానెడుగా లేచి, కోటయ్య తల దాటి, ఇంకా పైకి పోయింది. అప్పుడు సముద్రాలు వైపు చెయ్యి చాచి, అరచేతిని మెల్లగా కిందికి వంచాను. ఆ సైగ అతనికి ఎవరూ నేర్పలేదు. అయినా అతను ఇంకో కేక అందుకున్నాడు.

“ఇయ్యో... ఇయ్యి. ఇయ్యో... ఇయ్యి.”

కేకకు ఒక పిడికెడు చొప్పున తాడు ఇచ్చారు. కొమ్మ కోటయ్య తల మీదుగా నెమ్మదిగా తిరిగి తన చోటికి వచ్చి నిలబడింది. ఖాళీ జాగాలో దించాం.

కోటయ్యను దిగమన్నాను. పని ఆపేశాను. ఆ తర్వాత సందులో ఉన్నవాళ్ళందరినీ తిట్టాను. ఏమని తిట్టానో ఇక్కడ రాయదగినది కాదు. మాస్టారు మధ్యలోకి వచ్చి, “పోనివ్వండి సార్, సాయానికే కదా వచ్చింది” అంటే ఆయననూ కలిపి తిట్టాను. అందరూ తలలు వంచుకున్నారు, సముద్రాలు తప్ప.

“మీవాళ్ళు ఇసకలో బోర్లా పడితే చూస్తా నిలబడమంటారేంటండీ?” అన్నాడు. కోపంగా కాదు, నిజంగా అడిగాడు. “రేపు ఒడ్డున మా తాడు జారితే మీరు చూస్తా పోతారా?”

దానికి నా దగ్గర జవాబు ఉంది. గైడు తాడు గురించి, బూమ్ గురించి, కాటా గురించి అంతా చెప్పవచ్చు. చెప్పాను కూడా. అతను శ్రద్ధగా విని, “ముందే చెప్తే అయిపోయేదిగా” అన్నాడు. నేను ముందే చెప్పాను. టేపు కట్టి, లోపలికి రావద్దని మూడుసార్లు చెప్పాను. కానీ తాడు పట్టొద్దని చెప్పలేదు. ఎక్కడా చెప్పాల్సి రాలేదు. ఏ ఊళ్ళోనైనా క్రేన్ తాడు జారితే జనం వెనక్కు పరిగెడతారు. ఆ ఊళ్ళోనే ముందుకు పరిగెత్తారు.

ఇక నిర్ణయం మిగిలింది. కొమ్మలు పోయాయి గానీ మాను అలాగే ఉంది. నెరియ పొద్దుటికంటే పెద్దదైంది. రాత్రికి గాలి పెరుగుతుందని వార్త. ఆపితే పాకా, గుడీ, ఇళ్ళూ గాలి దయ. చేస్తే మళ్ళీ ఆ మనిషే ఎక్కాలి. ఎక్కమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కోటయ్య చర్చి అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగుతున్నాడు. నేను పక్కన కూర్చుని, “నువ్వు వద్దంటే ఇవాళ్టికి ఆపేద్దాం, ఎవరేమన్నా నేను చూసుకుంటాను” అన్నాను. అతను చెంబు అరుగు మీద పెట్టాడు. తర్వాత, “ఆ కేక వేసిందెవరండి?” అన్నాడు. కొట్టడానికి అడుగుతున్నాడనుకుని, సర్దిచెప్పబోయాను.

“కాదండి. ఆయన్ని అక్కడే ఉంచండి” అన్నాడు. “పైన ఆకుల్లోంచి నాకు కింద ఏమీ కనపడదండి. మీ చేతులు మస్తాన్‌కి కనపడతాయి, నాకు కనపడవు. తాడు పట్టుకున్నారో వదిలారో ఇన్నేళ్ళూ నేను అంచనా మీదే కూర్చున్నా. ఇందాక మాత్రం ‘నిలుపు’ అనంగానే నాకు తెలిసిపోయింది, ఇంక ఆగిద్దని. కేక వినపడుద్ది కదండీ.”

పైన ఉన్నవాడి కోసమే నా జాగ్రత్తంతా అనుకునేవాడిని. నా సైగలన్నీ మాత్రం క్రేన్ వైపే ఉండేవి. పైన ఉన్నవాడికి చేరేది ఒక్కటీ లేదు. ఇది మా శిక్షణలో ఎవరూ చెప్పలేదు, నేను ఎవరికీ చెప్పలేదు, కోటయ్య కూడా అంతకు ముందు అడగలేదు. అడగవచ్చని అతనికి తోచలేదట.

సాయంత్రం పని ఇలా చేశాం. గైడు తాళ్ళు రెండు వేశాం. తాడుకు ఇంతమందే అని సముద్రాలు తన మనుషుల్ని తనే ఏరుకున్నాడు. అతను చెట్టు వైపు చూడకూడదు, నా వైపే చూడాలి. నా ఎడమ చెయ్యి అతనికి, కుడి చెయ్యి మస్తాన్‌కు. నా చెయ్యి చూసి అతను కేక వేస్తాడు. లాగే కేక అసలు వేయకూడదు, నిలిపేదీ ఇచ్చేదీ మాత్రమే. మిగిలిన ఊరందరినీ దూరంగా ఇసుకలో కూర్చోబెట్టాం. ఈ కూర్చోబెట్టడం సముద్రాలు చెప్పిందే. “నిలబడ్డోడి చెయ్యి ఊరుకోదండి, కూర్చుంటే లేచేలోపు గుర్తొస్తది” అన్నాడు. మాస్టారు తెల్లచొక్కాతో అందరికంటే ముందు కూర్చున్నారు.

కోటయ్య బెల్టు బిగించుకుని మళ్ళీ ఎక్కాడు. ఎక్కేముందు నా వైపు చూడలేదు, సముద్రాలు వైపు చూశాడు. మానును మూడు ముక్కలు చేశాం. ప్రతి కోతకు ముందు కింది నుంచి “నిలుపు” అని కేక, పైనుంచి కోటయ్య “ఊఁ” అనడం, ఆ తర్వాతే రంపం. పొద్దు వాలకముందే చివరి ముక్క లారీ ఎక్కింది. ఎల్సీ తిరిగి ఇచ్చేశాం, సందులో లైట్లు వెలిగాయి. రాత్రి గాలి వచ్చింది. పడటానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

ఆ తర్వాత మిగిలిన ఏడాదిన్నరలో నేను ఏ పనికి వెళ్ళినా నేల చూసినంత సేపూ మనుషుల్ని కూడా చూశాను. కొత్తచోట మొదట అడిగే ప్రశ్న ఒకటి చేర్చుకున్నాను: మీరు బరువు ఎత్తేటప్పుడు ఆపాలంటే ఏమంటారు? తెనాలి మిల్లుల్లో హమాలీలకు ఒక మాట ఉంది. రేపల్లె కాలువ మీద వంతెన పని చేసే మేస్త్రీలకు ఇంకొకటి. అంగలకుదురులో ఇంటి పునాదికి రాళ్ళు దించే జట్టుకు మాట లేదు, నాలుకతో ఒక చప్పుడు ఉంది. ఆ చప్పుడు నేనూ నేర్చుకున్నాను. ఎత్తే విధానం మనం తీసుకెళ్ళవచ్చు. ఆపే మాట మాత్రం అక్కడివాళ్ళ దగ్గరే తీసుకోవాలి. భయం వేసినప్పుడు చేతులు వినేది ఆ మాటనే.

రెండోది, సైగ క్రేన్‌కు చేరితే చాలదు. పైన ఉన్నవాడికి కనపడకపోతే వినపడాలి. నా తర్వాత వచ్చిన సూపర్‌వైజర్లకు ఇది చెప్పాను. కొందరు పాటిస్తున్నారు. కోటయ్య ఇప్పటికీ ఎక్కుతున్నాడు. కింద ఎవరు నిలబడ్డారని ఇప్పుడు అడగడట. కేక ఎవరు వేస్తారని అడుగుతాడట.